నీరు పల్లమెరుగు

లెక్కలు రెండు రకాలు. కూడితే సరిపోయేవి కొన్ని, వెళ్ళి చూస్తే సరిపోయేవి కొన్ని. మా ఉద్యోగం మొదటి రకంతో. జమ ఒక వైపు, ఖర్చు ఒక వైపు వేసి, కింద గీత గీసి, రెండు వైపులా ఒకే అంకె వచ్చిందంటే ఆ పూటకు మా ధర్మం నెరవేరినట్టే. ఆ అంకె వెనక ఏమున్నదో చూసి రమ్మని గుమాస్తాను ఎవరూ పంపరు. అటువంటిది, జివతి తాలూకాలో ఒక మంచినీళ్ళ పథకం ఎలా నడుస్తున్నదో పరిశీలించటానికి వెళ్ళిన బృందంలో మేము కూడా వుండవలసి వచ్చింది. ఇందులో మా గొప్పతనం ఏమీ లేదు. మరాఠీలో అచ్చువేసిన ప్రశ్నలు చదివి, తెలుగులో అడిగి, తిరిగి మరాఠీలో రాసే మనిషి వాళ్ళకు కావలసి వచ్చాడు. మేము దొరికాము.

రెండుసార్లు వెళ్ళి వచ్చాము. చూసినదీ, ఆ తరవాత చదివి తెలుసుకున్నదీ మన సంఘ సభ్యుల ముందు పెట్టటం అవసరమని తోచింది. ఎందుకంటే, ఆ గుట్టల మీద ఒక గూడేనికి బోరింగు వేయించాలని, అందుకు చందాలు పోగుచెయ్యాలని మన సంఘంలో కొంతకాలంగా మాట సాగుతున్నది. మంచి మాటే. అయితే చేతిసంచీ విప్పే ముందు ఈ నాలుగు ముక్కలు వినటం మేలు.

చంద్రపూర్, బల్లార్పూర్‌లలో వుంటున్న మనవాళ్ళు చాలామంది గడ్చాందూర్ దాకా వెళ్ళే వుంటారు. సిమెంటు కర్మాగారాల వూరు. అక్కడినుంచి రోడ్డు మాణిక్‌గఢ్ గుట్టల మీదికి ఎక్కుతుంది. పైకి వెళ్తే జివతి. ఆ గుట్టల అవతలి వాలు తెలంగాణా. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా, కెరమెరి మండలం. 1940లో నిజాం పోలీసుల తుపాకులకు భీం నేలకొరిగిన జోడేఘాట్ ఆ మండలంలోనిదే. ఆయన పేరు చెప్పగానే ఈనాటికీ మూడు మాటలు వినవస్తాయి: జల్, జంగల్, జమీన్. అడవికీ, భూమికీ ముందు నీటిని నిలబెట్టారన్న సంగతి గమనించాలి. ఊరికే ప్రాసకోసం పెట్టిన వరస కాదేమోనని ఆ గుట్టలు ఎక్కి వచ్చాక మాకు అనిపించింది.

రాజురా తాలూకా యావత్తూ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో వుండేది. రాష్ట్రాల పునర్విభజనలో బొంబాయి రాష్ట్రానికి పోయి మొదట నాందేడు జిల్లాలోనూ, 1959 నుంచి చాందా జిల్లాలోనూ చేరింది. జివతి అప్పట్లో ఆ తాలూకాలోని గుట్టల భాగమే; వేరే తాలూకాగా విడిపోయింది తరవాతి కాలంలో. గోండులు, కొలాములు ఆదినుంచీ అక్కడివాళ్ళు. ఆ పైన బంజారాలు, మరాఠ్వాడా జిల్లాల నుంచి కరువు తరిమితే వచ్చి స్థిరపడ్డ కుటుంబాలూ వున్నాయి. సంతలో ఒక గంట నిలబడితే గోండి, కొలామి, లంబాడీ, మరాఠీ, తెలుగు, అయిదు భాషలూ చెవిని పడతాయి. గోండులు నీళ్ళను 'యేర్' అంటారు. వినగానే మన 'ఏరు' గుర్తుకొచ్చి ప్రాణం లేచి వస్తుంది.

కరువు ప్రాంతమంటే వాన పడని ప్రాంతమని మనలో చాలామంది అభిప్రాయం. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూయిటూ కురుస్తుంది. చంద్రపూర్ జిల్లాలో దానికి రెట్టింపు పైగా, సుమారు 1,200 మిల్లీమీటర్లు. శ్రావణంలో జివతి ఘాటు ఎక్కినవాడెవడూ అక్కడ నీళ్ళ కరువు వుంటుందంటే నమ్మడు. కొండంతా పచ్చగా, అడుగడుగునా జలధారలుగా వుంటుంది. ఆ కొండే వైశాఖంలో బిందెడు నీళ్ళకు మొగం వాచి వుంటుంది.

దీని కీలకం రాతిలో వున్నదని మాతో వచ్చిన ఇంజనీరుగారు విప్పి చెప్పారు. ఆయన ఉద్యోగం విరమించిన పెద్దమనిషి. గుట్టల పైపొర నల్లరాయి. ఏ యుగంలోనో కరిగి పారి గడ్డకట్టిన లావా. దాని మీద మట్టి చాలాచోట్ల జానెడే. రాతి పగుళ్ళలో పట్టినంత నీరే భూమిలో నిలుస్తుంది. తక్కినదంతా వాలు పట్టుకుని వాగుల్లో పడుతుంది. వాగులు పెన్‌గంగ, వార్ధా నదుల్లోకి పోతాయి. అవి వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతాయి. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. త్రివేణీ సంగమమని మనం స్నానానికి వెళ్ళే ఆ నీళ్ళలో జివతి కొండమీద కురిసిన వాన కూడా కొంత వుంటుందన్నమాట. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని మన పెద్దలన్నారు. పల్లాన వున్నవాళ్ళకు పుణ్యస్నానం, మెరకన వున్నవాళ్ళకు దాహం.

మేము మొదటిసారి వెళ్ళింది 2024 డిసెంబరులో. హాయిగా చలి. జీపులో నలుగురం: ఇంజనీరుగారు, సమాజసేవ చదువుకున్న ఒక అమ్మాయి, డ్రైవరు, మేము. చేతిలో అచ్చు ఫారాలు. గూడెం పేరు ఇక్కడ రాయదలచలేదు. పథకం ఎవరిదన్నదీ ఈ వ్యాసానికి అవసరం లేదు. అటువంటి ఫారాలు, అటువంటి గూడేలు ఇంకా చాలా వున్నాయి.

ఫారంలో ప్రశ్నలు సూటిగా వున్నాయి. ఇంటికి నల్లా వున్నదా? మరుగుదొడ్డి వున్నదా? చేతులు కడుక్కోవటానికి చోటు వున్నదా? అవును అంటే ఒక గడి, కాదు అంటే ఒక గడి. మేము చదివాము, వాళ్ళు చెప్పారు, గడులు నిండాయి. ప్రతి ఇంటి ముందూ చిన్న సిమెంటు దిమ్మ, దానిమీద నల్లా. తిప్పితే సన్నగా ధార. పెరట్లో మరుగుదొడ్డి, దానికి నీలం రంగు తలుపు. బడి గోడమీద చేతులు కడుక్కునే విధానం ఆరు బొమ్మల్లో వేసి వున్నది. సాయంత్రానికి ఫారాలన్నీ పూర్తయ్యాయి. రాసిన ప్రతి 'అవును' కూడా ఆ రోజున అక్షరాలా నిజం.

తిరుగు ప్రయాణంలో ఒక సంగతి మమ్మల్ని పట్టుకున్నది. మరాఠీలో 'పాణీ' ఏకవచనం. తెలుగులో నీళ్ళు ఎప్పుడూ బహువచనమే. ఇది వ్యాకరణం సంగతి గదా అని చాలాకాలం అనుకున్నాము. ఫారంలోని 'పాణీ' అన్న మాటను తెలుగులోకి తిప్పినప్పుడల్లా అవతలివాళ్ళు, "ఏ నీళ్ళు సారూ?" అని అడుగుతూ వచ్చారు. తాగే నీళ్ళా, వాడే నీళ్ళా, పసుల నీళ్ళా అని. తాగేవాటికి మనవాళ్ళు 'మంచినీళ్ళు' అని వేరే పేరే పెట్టుకున్నారు. ఏ నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో, ఏవి ముందు అయిపోతాయో, అవి అయిపోతే ఏవి తాగవలసి వస్తుందో ఆడవాళ్ళకు నోటిలెక్క. ఫారానికి మాత్రం నీళ్ళు ఒకటే.

ఇంజనీరుగారికి ఆ పరిశీలన తృప్తి కలిగించలేదు. "చలికాలంలో నీళ్ళ పథకాన్ని చూడటమంటే ఎండలో గొడుగు పట్టి చూసి, చిల్లి లేదని రాసినట్టు. మే నెలలో మళ్ళీ రావాలి," అన్నారు. ఆ అమ్మాయి కూడా పట్టు పట్టింది. పై అధికారులు ఒప్పుకోవటానికి నాలుగు ఉత్తరాలు పట్టింది. ఆ ఉత్తరాలు రాయటం మాత్రం మాకు అలవాటైన పనే.

రెండోసారి, 2025 మే నెలలో, అదే గూడేనికి అవే ఫారాలతో వెళ్ళాము. చంద్రపూర్ ఎండల గురించి మన పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. నల్లాలన్నీ చెక్కుచెదరకుండా వున్నాయి. ఒక నల్లాకు దూడను కట్టారు. ఇంకొక నల్లా మూతిలో కందిరీగలు గూడు పెట్టకుండా గుడ్డపేలిక కుక్కారు. కింది బావి ఎండితే పైన టాంకీ ఎండింది. టాంకీ ఎండితే నల్లాలు ఎండాయి. వూరి బావి అడుగున బురద. టాంకరు వచ్చిన రోజున ఆ బావిలోనే నీళ్ళు పోసి పోతుంది. అరగంటలో మళ్ళీ బురద కనిపిస్తుంది.

అసలు నీళ్ళు గుట్ట దిగువన, అరమైలు దూరాన వాగులో తీసిన చెలమలో వున్నాయి. చెలమంటే ఇసుకా రాళ్ళూ తోడి చేసిన గుంట. అందులో ఊరిన నీటిని గ్లాసుతో తోడి బిందెలో పోసుకోవాలి. తేటపడే దాకా ఆగాలి. బిందె నిండటానికి ఎంతసేపు పడుతుందో చూద్దామని ఇంజనీరుగారు గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. కాసేపటికి గడియారం జేబులో పెట్టుకుని నీడకు వెళ్ళి కూర్చున్నారు. వరసలో తొమ్మిది బిందెలున్నాయి.

ఆ వరసలో ఒక ముసలామె మమ్మల్ని గుర్తుపట్టింది. సరిహద్దు తెలుగు చక్కగా మాట్లాడుతుంది. "మొన్న చలికాలం వచ్చిన సారువు నువ్వేగద బిడ్డా? నల్లా ఉన్నదా అని అడిగినవు. ఉన్నదంటిమి. ఇయ్యాల గుడ ఉన్నది. నీళ్ళున్నయా అని ఆ కాయితం అడుగలే గద," అన్నది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. దారి అడిగినవాడికి దారి చెప్పినట్టు చెప్పింది. ఆ అమ్మాయి వెంటనే నోటుపుస్తకం తీసి ఆ మాట ఎలా అన్నదో అలాగే రాయమన్నది. తెలుగులో రాసి, కింద మరాఠీ రాశాము. ఆ రోజు రాసినవాటిలో నివేదికకు పనికివచ్చిన వాక్యం అదేనని మా వుద్దేశం.

ముసలామె పక్కన మనవరాలు. ఏడో తరగతి. బడి ఎలా వున్నదని అడిగాము. హోలీ తరవాత పొద్దుటి బడులు మొదలయ్యాయట. నీళ్ళూ పొద్దుటే తేవాలి. రెండూ ఒకే వేళకు వస్తే ఏది ఆగుతుందో చెప్పనక్కర్లేదు. సెలవులు రాకముందే ఆ పిల్ల బడికి సగం రోజులు పోలేదు. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి వున్నదా అన్న ప్రశ్నకు మా ఫారంలో 'అవును' అని వున్నది. అందులో నీళ్ళు లేవు గనక తలుపుకు తాళం వున్నదని ఆ పిల్ల చెప్పింది. ఫారంలో తాళానికి గడి లేదు.

తరవాత మరుగుదొడ్లు చూశాము. నీలం తలుపు తీస్తే లోపల పత్తికట్టె పేర్చి వున్నది. ఇంకొక ఇంట్లో కోడిపిల్లలమీద బోర్లించిన గంప. పట్నంలో కూర్చుని ఈ మాట చెబితే, "వాళ్ళకు శుభ్రత తెలియదండీ, అలవాటు లేదు," అంటారు. కాస్త లెక్క చూద్దాం. మనిషి ఒక్కసారి వెళ్ళి వస్తే పొయ్యటానికీ, కడుక్కోవటానికీ ఎంత పొదుపుగా వాడినా మూడు నాలుగు లీటర్లు కావాలి. ఇంట్లో అయిదుగురుంటే రోజుకు బిందె పైన. అరమైలు దిగి, గ్లాసుతో తోడి, మళ్ళీ అరమైలు ఎక్కి తెచ్చిన బిందె. "గుట్ట దిగి తెచ్చిన నీళ్ళు అందుల గుమ్మరిస్తమా బిడ్డా?" అని ఆ ముసలామే అడిగింది. మనమైనా గుమ్మరిస్తామా? చేతులు కడుక్కోవటం కూడా అంతే. సబ్బు కొనవచ్చు. నురుగు కడగటానికి నీళ్ళు కావాలి.

అందుచేత నీళ్ళు, మరుగుదొడ్డి, శుభ్రత అని ఫారంలో మూడు వరసలు వేసి మూడింటికీ విడివిడిగా మార్కులు వెయ్యటం సబబు కాదు. మొదటిది లేకపోతే తక్కిన రెండూ నిలవవు. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయింది. అయిదేళ్ళలో గ్రామాలలో పది కోట్లకు పైగా మరుగుదొడ్లు కట్టారు. 2019 అక్టోబరు 2న గ్రామాలన్నిటికీ బహిరంగ విసర్జన బాధ తప్పిందని ప్రకటించారు. చిన్న పని కాదు. ఎన్నో వేల వూళ్ళలో ఆడవాళ్ళ అవస్థ తీరింది. అయినా 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 19 ఇళ్ళవారు ఏ మరుగుదొడ్డీ వాడటం లేదని తేలింది. ఒక లెక్క కట్టినవాటిని చూసింది. ఇంకొక లెక్క వాడేవాళ్ళను చూసింది.

నల్లాల కథ కూడా అటువంటిదే. 2019 ఆగస్టు 15న జల జీవన్ మిషన్ ప్రకటించేనాటికి దేశంలో పల్లెటూళ్ళ ఇళ్ళలో నల్లా వున్నవి 3 కోట్ల 23 లక్షలు. 2025 నాటికి 15 కోట్లు దాటాయి. మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని నియమం. అయిదుగురున్న ఇంటికి 275 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో మొయ్యవలసి వస్తే పద్ధెనిమిది సార్లకు పైగా గుట్ట దిగి ఎక్కాలి. ఆ మోతబరువు నల్లా తీసేస్తుందంటే నల్లా ఎంత గొప్ప వస్తువో తెలుస్తుంది. ప్రభుత్వం వారు కూడా నల్లాలు లెక్కపెట్టి వూరుకోలేదు. 2022లో చేయించిన పరిశీలనలో నీళ్ళు చాలినన్ని వస్తున్నవా, వేళకు వస్తున్నవా, తాగటానికి పనికివస్తున్నవా అని మూడు ప్రశ్నలు పెట్టారు. మూడింటికీ అవునన్న ఇళ్ళు నూటికి 62. పథకం పెట్టినవారే ఆ అంకెను బయటపెట్టటం మెచ్చుకోదగిన సంగతి.

ఇది కొత్తగా పుట్టిన జబ్బు కాదు. 1960లలో, 70లలో కరువు వచ్చినప్పుడల్లా దేశమంతటా బోర్లు తవ్వి చేతిపంపులు దించారు. 1974లో యూనిసెఫ్ వారు మహారాష్ట్ర, తమిళనాడులలో విచారిస్తే, వేసిన పంపులలో నూటికి డెబ్బై అయిదు పనిచెయ్యటం లేదని తెలిసింది. ఇంటి చేదబావి కోసం చేసిన పోత ఇనుప పంపును వూరంతా పొద్దస్తమానం కొడితే ఏమవుతుంది? ఆ చేదు లెక్కనుంచే మనందరికీ తెలిసిన ఇండియా మార్క్ 2 పంపు పుట్టింది. దాని లోపలి తోలు వాచరు మార్చాలంటే గొట్టాలన్నీ పైకి లాగాలి, దానికి మనుషులూ పనిముట్లూ పట్నంనుంచి రావాలి. అందుకని గొట్టాలు తియ్యకుండానే మరమ్మతు చేసుకొనే మార్క్ 3 తరవాత వచ్చింది. పాడైపోయినవాటిని దాచకుండా లెక్కపెట్టినందువల్లనే మంచి పంపు వచ్చిందని మనం గ్రహించాలి.

ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నారికురుపు. మన తాతల కాలంలో ఆ పేరు తెలియని పల్లె లేదు. కాలినుంచి తెల్లని దారంలాంటి పురుగు రోజుల తరబడి బయటికి వస్తుంది. ఆ కాలితో మనిషి దిగుడుబావిలో దిగితే పురుగు పిల్లలు నీటిలో పడతాయి. కంటికి ఆనని నీటిపురుగు వాటిని మింగుతుంది. ఆ నీళ్ళు తాగినవాడికి ఏడాది తిరిగేసరికి కురుపు లేస్తుంది. ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర రెండూ ఆ బాధ పడ్డవే. 1980లలో నివారణోద్యమం పెట్టినవారు దిగుడుబావులను చేదబావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు, నీళ్ళు గుడ్డతో వడకట్టుకోవటం నేర్పారు. ఎన్ని బావులు మార్చామన్న దగ్గర ఆగలేదు. వూరూరూ, ఇల్లిల్లూ తిరిగి ఇంకా ఎవరి కాలికి పురుగున్నదని వెతికారు. చివరి రోగి 1996లో రాజస్థాన్‌లో కనిపించాడు. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి ఆ బాధ తీరిందని ధ్రువపత్రం ఇచ్చింది. బావిని లెక్కపెట్టవలసింది కాగితంమీద. ఫలితాన్ని లెక్కపెట్టవలసింది మనిషి కాలిమీద.

చూడటానికి వెళ్ళేవారి కాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. రాబర్ట్ ఛాంబర్స్ అనే ఆంగ్ల పండితుడు 1983లో రాసిన పుస్తకంలో ఈ సంగతే చెప్పాడు. పల్లెటూళ్ళు చూడటానికి వచ్చే పెద్దలు తారురోడ్డు దిగరనీ, తిరగటానికి అనువైన రోజుల్లోనే వస్తారనీ, ఎదురుపడ్డ పెద్దమనుషులతోనే మాట్లాడి పోతారనీ ఆయన ఫిర్యాదు. మా జీపు కూడా తారు ఎక్కడ అయిపోతే అక్కడ ఆగేది. ఆ తరవాత నడిపించింది ఆ అమ్మాయి. వూళ్ళో అడుగుపెట్టగానే కుర్చీలు వేసి చాయ్ ఇచ్చేవాళ్ళు మగవాళ్ళు. నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళు అప్పటికి చెలమ దగ్గర వుంటారు.

సరిహద్దున వున్న పధ్నాలుగు వూళ్ళ సంగతి మరీ విచిత్రం. జివతి తాలూకాలోని ఆ వూళ్ళను మహారాష్ట్ర మావంటుంది, తెలంగాణా మావన్నది. 2022 డిసెంబరులో పత్రికలన్నిటిలోనూ వచ్చిందే: మహారాజ్‌గూడలో ఒక ఇంటి మధ్యనుంచి గీత పోయి, వంటిల్లు ఒక రాష్ట్రంలో, పడకగది ఇంకొక రాష్ట్రంలో వున్నదని. ఆ వూళ్ళవాళ్ళకు రెండు రేషను కార్డులు, రెండు ఓట్లు, రెండు పంచాయతీలు, మరాఠీ బడి, తెలుగు బడి. ఒకే ఇల్లు రెండు ప్రభుత్వాల పుస్తకాలలోనూ ఎక్కుతుంది. రెండు పుస్తకాలూ కూడే గుమాస్తాకు ఆ వూరి జనాభా రెట్టింపుగా కనిపించాలి. వాన నీటికి మాత్రం ఆ గీత తెలియదు. అది ఎటు పల్లముంటే అటే పోతుంది.

మరి చక్కగా లెక్క చూసేదెవరు? మాకు తోచినంతలో, ఆ నీళ్ళు తాగేవాళ్ళే. మహారాష్ట్రలోనే అహిల్యానగర్ జిల్లాలో హివరే బజార్ అనే వూరున్నది. అక్కడి వాన జివతి వానలో సగం కూడా వుండదు. 1990 ప్రాంతంనుంచి ఆ వూరివాళ్ళు వాలుకు అడ్డంగా కట్టలు వేసి, చెట్లు పెంచి, వానాకాలం వెళ్ళగానే వూరంతా కూర్చుని ఏటా నీళ్ళ పద్దు రాసుకుంటారు. ముందు తాగేవాటికి, తరవాత పసువులకు, మిగిలితే పైరుకు. చెరుకు వెయ్యరు, సాగుకు బోరు తవ్వరు. మన తెలుగునాట కూడా ఇటువంటిది జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ మొదలైన ఏడు కరువు జిల్లాలలో 2000 తరవాతి సంవత్సరాలలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే వాన కొలిచారు, బావుల మట్టం కొలిచారు, గోడమీద రాసుకున్నారు, దాన్నిబట్టి పైరు ఎంచుకున్నారు. కొలిచింది తాగేవాడే అయితే అంకెకు అబద్ధమాడే అవసరం వుండదు.

ఇంతమాత్రంచేత పథకాలు పెట్టినవారిని తిట్టిపోస్తున్నామని అనుకోవద్దు. పదేసి ఇళ్ళ గూడేలు గుట్టకొకటి. ఒక్కొక్కదానికీ నీళ్ళు ఎక్కించాలంటే కరెంటు కావాలి. గాలివానకు తీగ తెగితే మళ్ళీ కలపటానికి ఎన్నాళ్ళో. మోటారు నడిపే కుర్రవాడికి జీతం ఇవ్వటానికి పంచాయతీ పెట్టెలో డబ్బు వుండదు. ఇంజనీరుగారు తన సర్వీసులో వేయించిన నీళ్ళటాంకీలు కొన్ని ఈ రోజుకూ నడుస్తున్నవని, కొన్ని ఏ నాడో ఆగిపోయాయని చెప్పారు. తేడా ఎక్కడున్నదని అడిగాము. "వాచరు కొనటానికి పైసలు, బిగించటానికి మనిషి వున్న వూళ్ళలో నడుస్తున్నాయి. సిమెంటులో తేడా ఏమీ లేదు," అన్నారు.

ఇప్పుడు మన సంఘం మాటకు వద్దాం. బోరింగు వేయించి, పక్కన నాపరాతిమీద దాతల పేర్లు చెక్కించి, ఫోటో తీయించి ఈ పత్రికలో వేసుకోవటానికి మాకు అభ్యంతరం లేదు. కాని అదే డబ్బును మూడు భాగాలు చెయ్యాలని మా మనవి. ఒక భాగంతో, బోరు తవ్వే ముందు ఆ గూడెంవాళ్ళతో కూర్చుని, ఏ బావి ఏ నెలలో ఎండుతుందో వాళ్ళ నోట విని, వాన నీరు కాస్త ఆగటానికి వాగుకు అడ్డంగా చిన్న కట్ట వేయించాలి. పై నుంచి నీరు ఇంకకుండా కింద బోరు ఎన్నాళ్ళు పలుకుతుంది? రెండో భాగంతో పంపు. అది వూళ్ళోవాళ్ళు తామే విప్పి బిగించుకోగలది కావాలి. ఇద్దరు ఆడవాళ్ళకు ఆ పని నేర్పించాలి. నీళ్ళు రాని రోజున మొదట తెలిసేది వాళ్ళకే. మూడో భాగం ఆ గూడెం పేర తపాలా కచేరీలో వెయ్యాలి, వాచర్లకూ గొలుసుకూ. రాతిమీద పేర్లు చెక్కటానికి డబ్బు మిగలకపోతే మిగలకపోనీండి.

ఆ తరవాత లెక్క చూడటానికి ఫారం అక్కర్లేదు. అయిదు ప్రశ్నలు చాలు. మే నెలలో నీళ్ళు ఎన్ని రోజులు వచ్చాయి? ఎవరు మోశారు, ఎంతసేపు పట్టింది? పంపు చెడితే ఎన్నాళ్ళకు బాగుపడింది? మరుగుదొడ్డిలో ఇప్పుడు ఏమున్నది? ఏడో తరగతి పిల్ల ఎన్ని రోజులు బడికి పోయింది? ఈ అయిదూ ఆడవాళ్ళనే అడగాలి, వాళ్ళ భాషలో అడగాలి. తెలుగు, మరాఠీ వరకు మేము వస్తాము. గోండి, కొలామి తెలిసినవారు మన సభ్యులలో ఎవరైనా వుంటే ముందుకు రావాలి.

మేమిద్దరం, అంటే మేమూ మా ఇంటావిడా, మా వంతు చందా కార్యదర్శిగారికి అందజేశాము. మూడు భాగాల షరతు రసీదు వెనక రాయించి మరీ ఇచ్చాము. చందా ఇచ్చే ప్రతివారూ అలాగే రాయించవలసిందని కోరుతున్నాము. ఇంకొక షరతు: ఆ గూడెం చూడటానికి ఏడాదికొకసారి మనలో నలుగురు వెళ్ళాలి, మే నెలలో, మిట్టమధ్యాహ్నం, చెలమ దాకా నడిచి వెళ్ళాలి. రాదలచినవారు సంక్రాంతి లోపల పేర్లు ఇవ్వగోరుతున్నాము. గొడుగు, తాగటానికి నీళ్ళు ఎవరివి వారు తెచ్చుకోవాలి. ఆ గూడెంలో అడగకూడదు.